గుజ్జు కడిగే వాషర్‌లో పాలిమర్ ఎలా వాడాలి?

కాగితం మిల్లులో క్రాఫ్ట్ పద్ధతిలో, అంటే క్షార ద్రవంలో, కలపను ఉడికించాక దాదాపు సగం బరువు ద్రవంలోకి కరిగిపోతుంది. లిగ్నిన్, సోడా, కరిగిన చక్కెర పదార్థాలు అన్నీ కలిసిన ఆ నల్లటి ద్రవమే బ్లాక్ లిక్కర్. దాన్ని పల్ప్ (గుజ్జు) నుంచి వేరు చేసి వెనక్కి, అంటే నీటిని ఆవిరి చేసే ఇవాపరేటర్లకూ, సోడాను తిరిగి రాబట్టే రికవరీ బాయిలర్‌కూ పంపించడమే బ్రౌన్ స్టాక్ వాషింగ్ పని. కడిగేటప్పుడు నీళ్ళు ఎక్కువ పోస్తే పల్ప్ శుభ్రంగా వస్తుంది, కానీ ఆ నీళ్ళన్నీ ఇవాపరేటర్ల నెత్తిన పడతాయి. తక్కువ పోస్తే లిక్కర్ పల్ప్‌తో పాటు ముందుకు పోతుంది. బ్లీచింగ్‌లో క్లోరిన్ డయాక్సైడ్ ఖర్చు పెరుగుతుంది, సోడా పోతుంది, మురుగునీటిలో సీఓడీ (ఆక్సిజన్‌ను వాడుకునే కాలుష్యం కొలత) పెరుగుతుంది.

ఈ రెండింటి మధ్య ఇరుక్కున్నప్పుడు చాలామంది పాలిమర్ వైపు చూస్తారు. సరిగ్గా వాడితే అది నిజంగా పనిచేస్తుంది. అయితే ఒక మాట ముందే చెప్పాలి. మ్యాట్ (వాషర్ డ్రమ్ మీద పరుచుకున్న పల్ప్ పొర) నుంచి నీరు త్వరగా దిగడం వేరు, పల్ప్ శుభ్రపడడం వేరు. పాలిమర్ మొదటి పనిని కళ్ళకు కనిపించేలా చేస్తుంది. రెండోది జరిగిందో లేదో కొలిస్తేనే తెలుస్తుంది. ఈ గైడ్ అంతా ఆ తేడా చుట్టూనే తిరుగుతుంది. ఉదాహరణలు వాక్యూమ్ డ్రమ్ వాషర్లకు సంబంధించినవి. వీటిలో పల్ప్ నిండిన తొట్టిలో (వ్యాట్) జాలీ (వైర్) చుట్టిన డ్రమ్ తిరుగుతూ, వాక్యూమ్‌తో ద్రవాన్ని లోపలికి లాగుతుంది. పల్ప్ మ్యాట్‌గా ఏర్పడి, దానిలోంచి ద్రవం దిగే ఇతర వాషర్లకు కూడా ఇందులో ఎక్కువ భాగం వర్తిస్తుంది.

పాలిమర్ అసలు చేసే పని

పల్ప్‌లో పొడవాటి ఫైబర్లతో పాటు ఫైన్స్ అనే సన్నటి ముక్కలు ఉంటాయి. డ్రమ్ మీద మ్యాట్ కడుతున్నప్పుడు ఈ ఫైన్స్ ద్రవంతో పాటు కదిలి ఫైబర్ల మధ్య సందుల్లో, వైర్ దగ్గర చేరి దారి మూసేస్తాయి. అందుకే పొట్టి ఫైబర్, ఫైన్స్ ఎక్కువగా ఉండే హార్డ్‌వుడ్ పల్ప్ చాలాసార్లు నీరు వదలడానికి మొండికేస్తుంది.

ఫైబర్‌కీ ఫైన్స్‌కీ ఉపరితలం మీద నెగటివ్ ఛార్జ్ ఉంటుంది. పాజిటివ్ ఛార్జ్ ఉన్న పొడవాటి గొలుసు పాలిమర్, అంటే కాటయానిక్ పాలిమర్, కలిపితే అది ఫైన్స్‌ను పట్టుకుని పెద్ద ఫైబర్లకు అతికిస్తుంది. సందులు తెరిచి ఉంటాయి, ద్రవం ధారాళంగా దిగుతుంది. వ్యాట్ లెవెల్ తగ్గుతుంది, డ్రమ్ నుంచి దిగే మ్యాట్ కాస్త పొడిగా వస్తుంది. పాలిమర్ మురికిని కరిగించదు, సబ్బులా పనిచేయదు. దారి తెరవడమే దాని పని. ఆ దారిలో కడిగేది షవర్ నీరే.

మొదటి అడుగు: వాషర్‌ని బాగుచేయండి

పాలిమర్ కొనేముందు ఒక షిఫ్ట్ పాటు వాషర్ చుట్టూ తిరగండి. షవర్ నాజిళ్ళు అన్నీ పారుతున్నాయా? డ్రమ్ వెడల్పు అంతటా నీరు సమానంగా పడుతోందా, లేక ఒక చివర మ్యాట్ ఎండిపోయి మరో చివర గుంటలు పడుతున్నాయా? వైర్ మీద స్కేల్ పట్టిందా, చిరుగులున్నాయా? డ్రాప్ లెగ్‌లో (వాక్యూమ్ పుట్టించే నిలువు పైపు), వాల్వు సీలు దగ్గర గాలి లీకవుతోందా?

షవర్ నీటి వేడి కూడా చూడండి. చాలా వాక్యూమ్ డ్రమ్‌లకు 65 నుంచి 75 డిగ్రీల సెల్సియస్ అనుకూలంగా ఉంటుంది. చల్లబడితే లిక్కర్ చిక్కబడి దిగదు. మరీ వేడెక్కితే వాక్యూమ్ కింద ఆవిరి పుట్టి ఆ వాక్యూమ్‌నే తినేస్తుంది. వ్యాట్ కన్సిస్టెన్సీ, అంటే ద్రవంతో కలిసిన పల్ప్‌లో పొడి ఫైబర్ శాతం, సాధారణంగా 1 నుంచి 1.5 శాతం మధ్య నడుస్తుంది. అది గంటగంటకూ ఊగిసలాడుతుంటే ముందు దాన్ని నిలకడగా పెట్టాలి.

నురుగు సంగతి ప్రత్యేకంగా చూడాలి. మ్యాట్‌లో ఇరుక్కున్న గాలి బుడగలు కూడా ఫైన్స్ లాగే దారి మూసేస్తాయి. సాఫ్ట్‌వుడ్‌లో రెజిన్ నుంచి పుట్టే సబ్బు వల్ల ఈ బాధ ఇంకా ఎక్కువ. దిగకపోవడానికి అసలు కారణం గాలి అయితే దాని మందు డీఫోమర్ (నురుగు తగ్గించే రసాయనం), పాలిమర్ కాదు. వ్యాట్ నుంచి ఒక గాజు జాడీలో శాంపిల్ పట్టి కాసేపు కదలకుండా ఉంచండి. పైన నురుగు దట్టంగా చేరి, పల్ప్ తేలుతుంటే ముందు గాలి సమస్యను పరిష్కరించండి.

ఈ అడుగు దాటేసిన ట్రయల్స్ గురించి నాకు బాధగా ఉంటుంది. మూసుకుపోయిన నాజిళ్ళ తప్పు పాలిమర్ మీద పడుతుంది, లేదా పాలిమర్ డబ్బుతో ఆ తప్పు కప్పబడుతుంది. రెండూ నష్టమే.

రెండో అడుగు: ఇప్పటి లెక్క రాసుకోండి

పాలిమర్ లేకుండా కనీసం మూడు నాలుగు రోజుల లెక్కలు చేతిలో ఉండాలి. వ్యాట్ కన్సిస్టెన్సీ, డ్రమ్ నుంచి దిగే పల్ప్ కన్సిస్టెన్సీ, షవర్ ఫ్లో, డ్రమ్ స్పీడ్, వాక్యూమ్, వేడి, డీఫోమర్ వాడకం, ఇవాపరేటర్‌కు వెళ్ళే లిక్కర్‌లో సాలిడ్స్, ఆఖరి వాషర్ దాటిన పల్ప్‌లో సోడా, సీఓడీ. వీటి నుంచి రెండు లెక్కలు కట్టాలి.

ఒకటి, డైల్యూషన్ ఫ్యాక్టర్. ఒక టన్ను పల్ప్‌కు పోసిన షవర్ నీటిలోంచి, ఆ పల్ప్‌తో పాటు ముందుకు వెళ్ళిన ద్రవాన్ని తీసేస్తే మిగిలేది. అంటే బ్లాక్ లిక్కర్‌లో అదనంగా కలిసిన నీరు. ఉదాహరణకు పల్ప్ 12 శాతం కన్సిస్టెన్సీతో దిగుతోందనుకోండి. టన్ను పొడి పల్ప్‌తో 88ని 12తో భాగిస్తే వచ్చినంత, అంటే 7.33 టన్నుల ద్రవం వెళ్తుంది. షవర్ 9.83 టన్నులయితే డైల్యూషన్ ఫ్యాక్టర్ 2.5.

రెండోది, డిస్‌ప్లేస్‌మెంట్ రేషియో. మ్యాట్‌లో ఉన్న పాత లిక్కర్‌ను షవర్ నీరు ఎంత బాగా తోసేసిందో ఇది చెబుతుంది. వ్యాట్ ద్రవంలో కరిగిన సాలిడ్స్ 4 శాతం, షవర్‌లో 1 శాతం, దిగిన మ్యాట్‌ను పిండితే వచ్చిన ద్రవంలో 1.6 శాతం అనుకుందాం. 4లోంచి 1.6 తీసేస్తే 2.4. 4లోంచి 1 తీసేస్తే 3. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.8. ఒక్క డ్రమ్‌కు ఇది మంచి అంకె.

కండక్టివిటీ మీటరు ఒక్కదాన్నే నమ్ముకోకండి. అది లవణాలను చూస్తుంది, లిగ్నిన్‌ను నేరుగా చూడదు. ఫైబర్ లోపలి నుంచి లిగ్నిన్ నెమ్మదిగా బయటికి వస్తుంది, లవణాలు త్వరగా వస్తాయి. కాబట్టి కండక్టివిటీ బాగా తగ్గినా సీఓడీ తగ్గకపోవచ్చు. రోజువారీ పరుగుకు కండక్టివిటీ, నిర్ణయానికి సీఓడీ.

మూడో అడుగు: ల్యాబ్‌లో పాలిమర్ ఎంచుకోవడం

ఇక్కడ రసాయనం కొంచెం తెలియాలి. బ్లాక్ లిక్కర్ బలమైన క్షారం. కాటయానిక్ పాలీఅక్రిలమైడ్‌లలో బాగా దొరికేది ఎస్టర్ రకం. వేడిలో, అధిక పీహెచ్‌లో దాని పాజిటివ్ ఛార్జ్ మోసే భాగం తెగిపోతుంది, దాంతో పాలిమర్ పట్టు పోతుంది. మురుగునీటి బురదకు చక్కగా పనిచేసిన పాలిమర్ వాషర్‌లో చతికిలపడటానికి ఇదొక కారణం. డాడ్మ్యాక్ అనే కాటయానిక్ రసాయనం, అక్రిలమైడ్ కలిపి చేసిన రకాలు క్షారానికి బాగా తట్టుకుంటాయి. సరఫరాదారుని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: పీహెచ్ 11, 12 దగ్గర 70 డిగ్రీల వేడిలో ఇది ఎంతసేపు నిలుస్తుంది?

రెండో అడ్డంకి, ద్రవంలో కరిగిన లిగ్నిన్. దానికీ నెగటివ్ ఛార్జే. పాలిమర్ ఫైబర్‌ను చేరేలోపే లిగ్నిన్ దాన్ని పట్టేసుకుంటుంది. మొదటి వాషర్‌లో లిక్కర్ చిక్కగా ఉంటుంది కాబట్టి అక్కడ పాలిమర్ ఎక్కువ వృథా అవుతుంది. చివరి వాషర్లలో ద్రవం పలచబడి ఉంటుంది, అక్కడ తక్కువ డోసుతో పని జరుగుతుంది.

టెస్ట్ ఇలా చేయండి. ట్రయల్ చేయబోయే వాషర్ వ్యాట్ నుంచే పల్ప్ తెచ్చుకోండి. పలచన చేయాల్సి వస్తే అదే వాషర్ ఫిల్ట్రేట్‌తోనే (మ్యాట్ నుంచి దిగిన ద్రవం) చేయండి. మంచినీళ్ళతో చేస్తే లిగ్నిన్, క్షారం రెండూ తగ్గిపోయి ప్రతి పాలిమరూ గొప్పగా కనిపిస్తుంది. ఇది చాలా సాధారణంగా జరిగే పొరపాటు. వాటర్ బాత్‌లో వాషర్ వేడికి తెచ్చి, పాలిమర్ వేసి, కొన్ని సెకన్లు కలిపి, అడుగున వైర్ జాలీ ఉన్న గరాటులో పోయండి. 500 మిల్లీలీటర్లు దిగడానికి ఎంత సమయం పట్టిందో రాసుకోండి. అక్కడితో ఆగకండి. ఏర్పడిన మ్యాట్ మీద కొలిచిన వేడినీళ్ళు మెల్లగా పోసి, దిగాక మ్యాట్‌ను పిండి, ఆ పిండిన ద్రవంలో సాలిడ్స్ లేదా సీఓడీ చూడండి. దిగే సమయంలో గెలిచిన పాలిమర్ ఈ రెండో పరీక్షలో ఓడిపోవడం మామూలే.

పాలిమర్ వేయని ఖాళీ టెస్ట్‌తో మొదలుపెట్టి టన్ను పొడి పల్ప్‌కు 50, 100, 200, 400 గ్రాముల చొప్పున చూడండి. ప్రతిదాన్నీ రెండుసార్లు చేయండి. మ్యాట్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఉండలు కట్టిందా, సమంగా ఉందా అని కంటితో కూడా చూడండి.

నాలుగో అడుగు: కలపడం

మంచి పాలిమర్‌ను పాడుచేసే చోటు ఇదే. పొడి రూపంలో ఉన్నదాన్ని 0.2 నుంచి 0.5 శాతం ద్రావణంగా చేస్తారు. నీళ్ళు సుడి తిరుగుతున్నప్పుడు పొడిని సన్నగా చల్లాలి. గుప్పెడు ఒకేసారి పోస్తే బయట జిగురై, లోపల పొడిగానే ఉండిపోయే ఉండలు కడతాయి, అవి ఎంతసేపు తిప్పినా కరగవు. చల్లాక 45 నిమిషాల నుంచి గంట వరకు నెమ్మదిగా తిప్పనివ్వండి.

ఎమల్షన్ రూపంలో పాలిమర్ నూనెలో చిన్న చుక్కలుగా ఉంటుంది. నీళ్ళలో పడగానే అది తిరగబడి పాలిమర్ బయటికి రావాలి. దానికి మొదటి క్షణంలో బలంగా కలపాలి, 0.5 నుంచి 1 శాతం గాఢత ఉండాలి. తర్వాత అరగంట సేపు మెల్లగా తిప్పుతూ గొలుసులు విచ్చుకోనివ్వాలి. మొదటే మరీ పలచగా చేస్తే ఎమల్షన్ సరిగ్గా తిరగబడదు.

ఏ రకానికైనా శుభ్రమైన, మామూలు వేడి ఉన్న నీరే వాడండి. ఫిల్ట్రేట్‌తో, వేడి కండెన్సేట్‌తో (ఆవిరి చల్లబడి వచ్చిన నీరు) కలపకండి. తయారైన ద్రావణాన్ని సెంట్రిఫ్యూగల్ పంపుతో తోయకండి. ఆ వేగానికి గొలుసులు తెగిపోతాయి. నెమ్మదిగా తిరిగే స్క్రూ పంపు సరైనది.

డోసు లెక్క చూద్దాం. గంటకు 20 టన్నుల పల్ప్, టన్నుకు 200 గ్రాములు అంటే గంటకు 4 కిలోల పాలిమర్. 0.5 శాతం ద్రావణమైతే గంటకు 800 లీటర్లు. దాన్ని దారిలో 0.1 శాతానికి పలచన చేస్తే 4,000 లీటర్లు, టన్ను పల్ప్‌కు 0.2 టన్నుల నీరు! ఈ నీరు కూడా చివరికి బ్లాక్ లిక్కర్‌లోకే చేరుతుంది. డైల్యూషన్ ఫ్యాక్టర్ తగ్గించాలని పాలిమర్ పెట్టి, పలచన నీటితోనే దాన్ని పెంచుకోకూడదు కదా. కలవడానికి ఎంత అవసరమో అంతే పలచన చేయండి, ఆ నీటిని లెక్కలో వేసుకోండి.

ఐదో అడుగు: ఎక్కడ వేయాలి

వ్యాట్‌కు పల్ప్ తోసే పంపుకు ముందు వేస్తే కలవడం బాగుంటుంది కానీ పంపు దెబ్బకు ఫ్లాక్‌లు (పాలిమర్‌తో అతుక్కున్న ఫైబర్, ఫైన్స్ గుంపులు) విరిగిపోతాయి. వ్యాట్‌లోనే పైనుంచి పోస్తే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. పంపు దాటాక, వ్యాట్‌కు ముందు, పైపులో ఒకటి రెండు మలుపులు మిగిలి ఉన్న చోటు చాలాసార్లు బాగా కుదురుతుంది. వీలైతే రెండు మూడు చోట్ల వాల్వులు పెట్టి ఉంచుకోండి, ట్రయల్‌లో మార్చి చూడవచ్చు.

డీఫోమర్ లైనూ పాలిమర్ లైనూ ఒకేచోట కలవకూడదు. కనీసం ఒక పంపు దూరంలో విడిగా ఉంచండి.

ఆరో అడుగు: ట్రయల్

తక్కువ డోసుతో మొదలుపెట్టి మెట్లుమెట్లుగా పెంచండి. వాషర్లు ఒకదాని ఫిల్ట్రేట్ మరొకదాని షవర్‌గా వెనక్కి వెళ్ళే వరసలో ఉంటాయి. అందువల్ల ఒక మార్పు ఫలితం మొత్తం వరసలో స్థిరపడటానికి గంటలు పడుతుంది. ఒక్కో డోసును కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు కదపకుండా ఉంచండి. ఆ సమయంలో షవర్, డ్రమ్ స్పీడ్, ప్రొడక్షన్ మార్చకండి. మూడూ ఒకేసారి మారిస్తే ఏది దేనివల్ల జరిగిందో ఎవరూ చెప్పలేరు. వ్యాట్ లెవెల్ పడిపోయినప్పుడు ఆపరేటర్లు అలవాటుగా స్పీడ్ తగ్గిస్తారు. అది తప్పు కాదు, కానీ ఎప్పుడు ఎంత తగ్గించారో లాగ్‌లో రాయమని ముందే కూర్చుని మాట్లాడండి. ట్రయల్ ఎందుకో వాళ్ళకు అర్థమైతే మీకు అందే సమాచారం పదింతలు మెరుగ్గా ఉంటుంది.

ఏడో అడుగు: ఫలితం చదవడం

ఇదే అసలు ఘట్టం. పాలిమర్ వేశాక మ్యాట్ 12 శాతం నుంచి 14 శాతానికి వచ్చిందనుకోండి. 86ని 14తో భాగిస్తే 6.14. అంటే టన్ను పల్ప్‌తో వెళ్ళే ద్రవం 7.33 టన్నుల నుంచి 6.14 టన్నులకు తగ్గింది. అందరూ సంతోషిస్తారు. మ్యాట్‌ను పిండిన ద్రవంలో సాలిడ్స్ మునుపటిలాగే 1.6 శాతం ఉంటే, ముందుకు పోయే సాలిడ్స్ టన్నుకు 117 కిలోల నుంచి 98 కిలోలకు తగ్గినట్టు. ఇది నిజమైన లాభం.

ఇప్పుడు డోసు ఎక్కువైందనుకుందాం. పల్ప్ ఉండలు కట్టింది. షవర్ నీరు ఉండల మధ్య సందుల్లోంచి సులువుగా జారిపోయింది, ఉండల లోపలి లిక్కర్‌ను తాకలేదు. డిస్‌ప్లేస్‌మెంట్ రేషియో 0.8 నుంచి 0.7కు పడింది. అప్పుడు పిండిన ద్రవంలో సాలిడ్స్ 1.9 శాతం. 6.14 టన్నుల్లో 1.9 శాతం అంటే మళ్ళీ 117 కిలోలే! మ్యాట్ పొడిగా ఉంది, వ్యాట్ లెవెల్ కిందికి ఉంది, డ్రమ్ అందంగా తిరుగుతోంది, పల్ప్ మాత్రం రవ్వంత కూడా శుభ్రపడలేదు. డ్రైనేజ్ ఒక్కటే చూసే ట్రయల్‌లో ఈ డోసునే అందరూ విజేతగా ప్రకటిస్తారు.

కాబట్టి ప్రతి డోసుకూ కన్సిస్టెన్సీ, డిస్‌ప్లేస్‌మెంట్ రేషియో రెండూ పక్కపక్కన రాయండి. రేషియో తగ్గడం మొదలైన చోటుకు ఒక మెట్టు వెనక్కి రండి. సాధారణంగా మీ డోసు అక్కడే ఉంటుంది.

ఎనిమిదో అడుగు: లాభాన్ని ఎక్కడ తీసుకోవాలి

పాలిమర్ ఇచ్చే వెసులుబాటును మూడు చోట్ల వాడుకోవచ్చు: శుభ్రమైన పల్ప్, తక్కువ నీరు, ఎక్కువ ప్రొడక్షన్. మూడూ ఒకేసారి పూర్తిగా రావు. మీ ఇరుకు ఎక్కడుందో చూసుకుని ఎంచుకోండి.

ఇవాపరేటర్లు నిండుగా నడుస్తున్న మిల్లయితే నీరు తగ్గించడమే మేలని నా అభిప్రాయం. రోజుకు 500 టన్నుల పల్ప్ తీసే చోట డైల్యూషన్ ఫ్యాక్టర్ 2.5 నుంచి 2కు తగ్గితే రోజుకు 250 టన్నుల నీరు ఆవిరి చేయాల్సిన పని తప్పుతుంది. ఒక టన్ను ఆవిరితో 5 టన్నుల నీటిని తీసే ఇవాపరేటర్ అయితే రోజుకు 50 టన్నుల ఆవిరి మిగులు. దీన్ని పాలిమర్ ఖర్చుతో పోల్చి చూడండి. 200 గ్రాముల డోసుకు 500 టన్నులకు రోజుకు 100 కిలోల పాలిమర్ అవుతుంది. షవర్ తగ్గించడం కూడా మెల్లగా, ఒక్కో మెట్టుకు 0.1, 0.2 చొప్పున చేయండి. ప్రతి మెట్టు దగ్గరా సీఓడీ చూడండి.

బ్లీచింగ్ ఖర్చో, మురుగునీటి సీఓడీనో మీ బాధ అయితే నీటిని ముట్టుకోకుండా శుభ్రతనే తీసుకోండి.

జాగ్రత్తలు

వాషర్ల తర్వాత స్క్రీనింగ్ ఉంటే సన్నటి స్లాట్లు ఫ్లాక్‌లతో మూసుకోవచ్చు. ట్రయల్ రోజుల్లో స్క్రీన్ ప్రెషర్ తేడా గమనించండి. ఫైన్స్‌తో పాటు పిచ్ (కలప జిగురు) కణాలు, స్కేల్ పొడి కూడా ఫైబర్‌కు అతుక్కుని ముందుకు వెళ్ళవచ్చు కాబట్టి పల్ప్‌లో మచ్చల లెక్క కూడా చూడండి.

పాలిమర్ నేల మీద ఒలికితే వెంటనే నీళ్ళు కొట్టకండి, నేల జారుడుబండ అవుతుంది. ముందు ఇసుకో రంపపు పొట్టో చల్లి ఎత్తేయండి, ఆ తర్వాతే కడగండి. వ్యాట్ శాంపిల్ తీసేటప్పుడు కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి, అది వేడి క్షారం. బ్లాక్ లిక్కర్ ఉన్న పాత్రలోగానీ డ్రెయిన్‌లోగానీ ఆమ్లం పోయకండి. ప్రాణం తీసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. ల్యాబ్‌లో టెస్ట్ అయ్యాక గ్లాసులు కడిగేవాళ్ళకు కూడా ఈ సంగతి చెప్పండి.

చివరి అడుగు: ఆపి చూడండి

డోసు ఖాయం చేసుకున్నాక, రెండు మూడు వారాలకు ఒకసారి పాలిమర్ పంపును ఒక షిఫ్ట్ ఆపండి. మిగతావన్నీ అలాగే ఉంచండి. మ్యాట్ కన్సిస్టెన్సీ, పిండిన ద్రవం సాలిడ్స్ పాత అంకెలకు తిరిగి వెళ్తే పాలిమర్ నిజంగా పనిచేస్తున్నట్టు. ఏమీ మారకపోతే, ఆ లాభం వేసవి వేడి వల్లో, కొత్త వైర్ వల్లో, కలప మారడం వల్లో వచ్చిందన్నమాట. అప్పుడు డోసును సగానికి తగ్గించి మళ్ళీ రెండో అడుగు నుంచి లెక్క రాయండి.

రాత్రి షిఫ్ట్ ఆపరేటర్ దగ్గర ఒక చిన్న కాగితం అంటించి ఉంచండి. మ్యాట్ మీద పగుళ్ళు, ఉండలు కనిపిస్తే డోసు పాతిక శాతం తగ్గించాలి. వ్యాట్ పొంగుతుంటే డోసు పెంచే ముందు నురుగు, వాక్యూమ్, షవర్ వేడి చూడాలి. పాలిమర్ పంపు ఆగిపోతే డ్రమ్ స్పీడ్ పెంచి, షవర్‌ను పాత అంకెకు తేవాలి. ఆ పాత అంకె ఎంతో కూడా అదే కాగితం మీద రాసి ఉండాలి.